కాలికి తెలియని మెట్టు

వల్పరైసో కొండల మీద గ్యాస్ బండలు మోసే
ఎలెయుతేరియో కార్కమోకి
నాలుగు వందల పన్నెండు మెట్లూ కంఠతా వచ్చు.
భుజాన బండ, చేతిలో పానా.
ఠంగుమని ఒక్క దెబ్బ కొడితే
మూడు వీధుల వంటిళ్ళు తలుపులు తీసేవి.

ఈ శీతాకాలం ఒక పొద్దున
మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాడు.
సింకు అంచు నుదుటికి తగిలాకగానీ
పడ్డానని తెలియలేదు.
"కాళ్ళు బలంగానే ఉన్నాయమ్మా,
ఎక్కడున్నాయో చెప్పడం మానేశాయి" అన్నాడు.

రాత్రి పదకొండు. కిటికీలో రేవు క్రేన్ల ఎర్ర దీపాలు.
తెర మీద పక్కనుంచి తీసిన అతని మెడ.
తెల్లటి నీళ్ళలో బూడిదరంగు తాడు,
దాని వెనకంచున రెండో పూస నుంచి ఆరో పూస దాకా
పాలు ఒలికినట్టు ఒక చార.
ఏడేళ్ళ కిందట క్యాన్సరని కడుపు మొత్తం తీసేసిన మనిషి.
చీకట్లో తాడు పామైనట్టు
ఆ వెన్నుపాము నాకు కాటేసే పామే అయింది.
వేళ్ళు ముందే టైపు చేశాయి:
కణితి తిరగబెట్టిందా?

డాక్టర్ ఇస్మేనియా ఓయార్సున్ కుర్చీ లాక్కుని
బూట్లు విప్పి కూర్చుంది.
"అడ్డంగా కోసిన ముక్క చూపించు.
ఆగు, ఆ తెలుపుని చూడకు.
అతనేం పోగొట్టుకున్నాడో ముందు చెప్పు."

సూది గుచ్చితే అబ్బా అన్నాడు.
వేడినీళ్ళకి కాలు లాక్కున్నాడు.
శ్రుతిదండం మోగించి చీలమండ మీద ఆనిస్తే
ఎప్పుడు పెడతారని అడిగాడు.
బొటనవేలు పైకెత్తానో కిందికి వంచానో
పదిసార్లలో ఆరుసార్లు తప్పు చెప్పాడు.

"నొప్పీ వేడీ నడిచేది ముందు వీధిలో.
అది కాలలేదు. ఇక వెనక్కి రా."

చిటికెన వేలి మందం గుండ్రం,
నడుమ రెక్కలు విప్పిన బూడిద సీతాకోక.
దాని వెనక, కొండెక్కే లిఫ్టు పెట్టెలోలా
అడుగున ఎక్కిన కాళ్ళ కబుర్లు నడిమి సీట్లలో,
దారిలో ఎక్కిన చేతులవి గోడవారన.
ఆ పెట్టె మొత్తం తెల్లబడింది, రెండు పక్కలా సమంగా.
ఆవిడ టీ కప్పు మీద పెన్నుతో గీసింది:
రెండు వాలుల రేకుల కప్పు.

"ముందరి రక్తనాళం మూసుకుంటే
సీతాకోకలోనే గుడ్లగూబ కళ్ళు వెలిగేవి.
ఇక నీ కణితి సంగతా?
ఎలుకని మింగిన పాములా ఉబ్బాలి. ఎక్కడ ఉబ్బింది?
కడుపు లేనివాడికి బి పన్నెండు ఎవరు పట్టి తెస్తారు?
ఇంజెక్షన్లు రాయలేదా?"

రాశారు. మూడేళ్ళు వేయించుకున్నాడు.
తర్వాత మానేశాడు.
క్లినిక్ కొండ మీద ఉంది,
బండలు దించాక మళ్ళీ అన్ని మెట్లెక్కే ఓపిక లేదట.
అప్పటినుంచి కాలేయం అడుగున దాచింది
గీకి గీకి వాడుకుంటూ వచ్చింది ఒళ్ళు.

ఆవిడ ఏమీ అనలేదు.
బూట్లు వేసుకుని రక్తపరీక్షకి ఫోన్ చేసింది.
నేను ఆ మాట చెరిపాను.
ఒక్క మీట నొక్కితే చాలు.
పొద్దున్నే వార్డులో ఎవరైనా అది
అతని భార్యకి చదివి వినిపించి ఉంటే,
ఏ మీట నొక్కేదాన్ని?

వసంతం పోయింది, ఎండలొచ్చాయి.
కొత్త చిత్రాల్లో రేకుల కప్పు వెలిసిపోయింది.
మనిషి అంతగా మారలేదు.
ఇప్పుడు బండలు మొయ్యడు,
లారీ వెనక కూర్చుని పానాతో కొడతాడు, అంతే.
ఆసుపత్రి గేటు దగ్గర నన్ను చూసి దిగాడు.
ప్యాంటు మడిచి, పిక్కని బండకి ఆనించి,
కళ్ళు మూసుకుని
ఠంగుమనిపించాడు.

"మోకాలి దాకా వినబడుతోంది డాక్టరమ్మా.
కింద ఇంకా చెవుడే."

ఒక చేత్తో లారీ తలుపు పట్టుకుని
మళ్ళీ కొట్టాడు.